తవుడుకి కొన్నది

పర్లాకిమిడిలో మా షాపుకీ రైసుమిల్లుకీ మధ్య
ఒక్క గోడే.
అదీ సగం దాకా ఇటుక, పైన రేకు.
రేకుకి ఎన్ని కన్నాలో నాకు తెలీదు,
తవుడుకి తెలుసు.

డబ్బా మూత విప్పాను.
మూతంటే మూత కాదు, మూడేళ్లుగా
కరెంటు తీగతో కట్టిన తలుపు.
పదకొండేళ్ల కంప్యూటరు. లోపల
ఫ్యాను రెక్కల మీద, కార్డు పళ్ల సందుల్లో
మెత్తగా, వెచ్చగా, ఇంకా కమ్మటి వాసనతో
ఒక మాదిరి పంట.
చేటలోకి దులిపితే గుప్పెడొచ్చింది.

మొదటి కార్డు బెండివారి పెళ్లిలో పోయింది.
తలంబ్రాలు పోస్తూ పోస్తూ
పెళ్లికూతురి చెయ్యి గాల్లో ఆగిపోయింది.
గింజలు రాలలేదు.
తెర ఆకుపచ్చ గళ్లయి, తర్వాత నల్లబడింది.
రెండోది ఏ పెళ్లీ చూడకుండానే పోయింది,
ఫ్లెక్సీలో ఒక వార్డు మెంబరు మీసం దిద్దుతుండగా.
ఆయన ఇప్పటికీ అడుగుతాడు,
"ఒక పక్కే ఎట్టీసినావేటమ్మా" అని.

మూడోది మొన్న బరంపురం బస్సులో,
కండక్టరు సీటు కింద వచ్చింది.
కొత్తది కాదు. ముందెవరో కుర్రాడు
రాత్రంతా తుపాకులాట ఆడించిన కార్డు.
అమ్మినాయన ఖగేశ్వర్ పాత్రో
ఫోనులో ఫ్యాను తిప్పి చూపించి
"చాలుఛి, చాలుఛి" అన్నాడు.
నడుస్తోంది అని ఆయన మాట.
ఈ ఊళ్లో పుట్టి ఆ మాట రోజుకి వందసార్లు వింటాను,
అయినా బేరం దగ్గర మాత్రం
నా చెవికి అది చాలు, చాలు అనే వినబడుతుంది.
చాలన్నాడు కదాని అక్కడే ఆగాను.

అట్టపెట్టె విప్పాక తెలిసింది
కార్డు రెండు వేళ్లు పొడుగెక్కువని.
హార్డ్ డిస్కు గూడు అడ్డం.
లేతు షాపులో హ్యాక్సా బ్లేడు అడిగి తెచ్చి
గూడు కోసేశాడు మా గదాధర్.
డిస్కుని పాత జాకెట్టు గుడ్డ మీద పడుకోబెట్టాం.
పవర్ సప్లైలో ఆరుకాళ్ల తీగ లేదు,
నాలుగుకాళ్లవి రెండు కలిపి ఆరు చేశాం,
ఏ ఎక్కాల పుస్తకమూ ఒప్పుకోని లెక్క.
కార్డు బంగారు అంచుని
ఎదురింటి రెండో తరగతి పిల్ల రబ్బరుతో రుద్దాను.
ఆ రబ్బరుకి జామపండు వాసన.

బటన్ నొక్కితే
ఒకటి పొడుగు, రెండు పొట్టి కూతలు.
ఆ కూత నాకు తెలుసు.
ఇంతకుముందు రెండుసార్లు విన్నాను.

మా అమ్మా రెండుసార్లు వినే ఉంటుంది,
ఏదో ఒక కూత, నాకు ముందు.
అందుకే నన్ను పుట్టగానే చేటలో వేసి
మంత్రసానికి అమ్మేసి
గుప్పెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కుందట.
అంత చవగ్గా దొరికినదాని జోలికి
చావు రాదని లెక్క.
తవిటమ్మా అని పిలిస్తే బళ్లో నవ్వేవారు.
షాపు బోర్డు మీద పేరు దాచుకున్నాను,
టి. డిజిటల్స్.
టీ కొట్టనుకుని ఒకరిద్దరు వచ్చారు కూడా.

చేటలో దులిపిన తవుడు అలాగే ఉంది.
గదాధర్ చూడకుండా (చూశాడనుకోండి)
చిటికెడు తీసి ఖాళీ అట్టపెట్టె మీద,
ఖగేశ్వర్ పేరున్న చోట పెట్టాను.
కొన్నాను, అన్నాను.
పైకి అనలేదు కూడా.

తర్వాత కార్డు పీకి మళ్లీ పెట్టి
ఈసారి చివర బొటనవేలితో నొక్కాను.
టక్కుమంది.
అసలు సంగతి ఆ టక్కే, నాకూ తెలుసు.
ఒక్కటే పొట్టి కూత.

బెండివారి ఫైలు తెరిచాను.
వాళ్లకి బిడ్డ పుట్టి, అన్నప్రాశన ఫ్లెక్సీ నేనే వేశాను,
పెళ్లి వీడియో మాత్రం ఇంకా బాకీ.
ఆ చెయ్యి కదిలింది.
గింజలన్నీ ఒక్కసారిగా
పెళ్లికొడుకు నెత్తిన పడి జారి
నాలుగైదు అతని కళ్లజోడులో ఇరుక్కున్నాయి.
అప్పుడు ఆ పిల్ల నవ్వింది.
అది నేనిన్నాళ్లూ చూడలేదు.

గోడవతల మిల్లు మొదలైంది.
గదాధర్ స్టూలెక్కి
రేకు కన్నాలకి టేపు అంటిస్తున్నాడు.
"అన్నీ మూసీకురా" అన్నాను,
"ఒకటొగ్గీ."
ఎందుకన్నానో.